ఆంటియం గోడ క్యాలెండర్: నల్ల రోజులకు మేకులు

ఏప్రిల్ 6

చేయబోయే పని ఇది: జూలియస్ సీజర్ సంస్కరణకు ముందు రోములో నడిచిన క్యాలెండర్‌ను ఒక పెద్ద పలక మీద చేత్తో రాయడం. ఆ కాలపు క్యాలెండర్లలో మన దాకా వచ్చింది ఒక్కటే. రోముకు దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న ఆంజియోలో, అంటే ఆనాటి ఆంటియంలో, 1915లో ఒక పాత భవనపు శిథిలాల మధ్య దొరికింది. గోడ పూత మీద నలుపు, ఎరుపు రంగులతో రాసిన క్యాలెండర్ అది. పూత రాలిపోయి ముక్కలుగా పడి ఉంటే ఏరి అతికించారు. క్రీ.పూ. 84కూ 55కూ మధ్య రాసి ఉంటారని పండితుల అంచనా. ఇప్పుడు రోములోని పలాజ్జో మాస్సిమో మ్యూజియంలో ఉంది.

కొలతలు చూడగానే ఉత్సాహం వచ్చింది. ఎత్తు సుమారు 1.16 మీటర్లు, వెడల్పు సుమారు 2.5 మీటర్లు. మన దుకాణాల్లో దొరికే 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ షీటు అంటే 2.44 మీటర్లు, 1.22 మీటర్లు. ఆ రోమన్ పెయింటరు మన టింబర్ డిపోకు వచ్చి కొలత తీసుకుపోయినట్టుంది.

ఇందులో నాకు కావలసినవి రోమన్ల చెడ్డ రోజులు. క్యాలెండర్‌లో ప్రతి రోజు పక్కనా ఒక అక్షరం ఉంటుంది. ‘ఎన్’ ఉంటే అది నెఫాస్టస్, అశుభ దినం అని చాలాచోట్ల రాసి ఉంటుంది. రోమన్లు ఏ రోజుకు భయపడ్డారో ఆ అక్షరాలే చెబుతాయా, లేక భయాల లెక్క వేరుగా నడిచిందా? అచ్చయిన పట్టికలు చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకడం లేదు. 355 గళ్లూ చేత్తో నింపితే ఏదో ఒకటి తేలుతుందని ఆశ.

ఏప్రిల్ 9

ప్లై 12 మిల్లీమీటర్లది. వెనక రీపర్లు కొట్టకపోతే నిలబెట్టిన వారానికే వంగిపోతుంది. వడ్రంగి మాత్రం “అమావాస్య వెళ్లనివ్వండి సార్, కొత్త పని కదా” అన్నాడు. రోమన్ల చెడ్డ రోజుల పలకకు మన చెడ్డ రోజు అడ్డం రావడం ముచ్చటగానే ఉంది. తొందర పెట్టలేదు.

ఈలోగా కాగితం మీద గళ్ల లెక్క చూసుకున్నాను. 13 నిలువు వరుసలు కావాలి. 12 నెలలకు 12, చివరన అధిక మాసానికి ఒకటి. పైన నెల పేరు, కింద ఆ నెల రోజుల మొత్తం, మధ్యలో 31 అడ్డ వరుసలు. ఒక్కో వరుసకు మూడున్నర సెంటీమీటర్ల ఎత్తు వస్తోంది. జూలై, ఆగస్టు పేర్లు ఇంకా పుట్టలేదు కాబట్టి ఆ స్థానాల్లో క్వింటిలిస్, సెక్స్‌టిలిస్ అని రాయాలి.

అడుగు వరుసలో రాయవలసిన మొత్తాలు చూస్తేనే మొదటి భయం బయటపడింది. మార్చి, మే, క్వింటిలిస్, అక్టోబరు నెలలకు 31 రోజులు. ఫిబ్రవరికి 28. మిగిలిన ఏడు నెలలకూ 29. మొత్తం 355. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులు చాలు కదా, ఈ అదనపు రోజు ఎందుకు? సరి సంఖ్య కీడు, బేసి సంఖ్య మేలు అన్న నమ్మకం వల్లేనని ప్రాచీన రచయితలు చెబుతారు. అందుకే నెలలన్నిటికీ బేసి సంఖ్యలో రోజులు. అన్నీ బేసి అయితే 12 నెలల మొత్తం సరి అవుతుంది కాబట్టి ఒక నెల బలి కావాలి. ఆ పాత్ర ఫిబ్రవరికి దక్కింది. ఎలాగూ పితృదేవతల నెల, శుద్ధి కర్మల నెల. చెడు సంఖ్యను అక్కడికి నెట్టేశారు.

ఈ రోజుకీ ఫిబ్రవరికి 28 రోజులే. ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండర్‌లో ఆ భయం అలాగే మిగిలి ఉంది, పేరు లేకుండా.

ఏప్రిల్ 15

పుట్టీ పనికిరాదని తేలింది. ముందుగా ఒక ప్లై ముక్క మీద వేసి చూశాను. ఆరాక ముక్కను కాస్త వంచితే జుట్టులాంటి పగుళ్లు పడ్డాయి. దుకాణం ఆయన కూడా “అది గోడకు సార్, చెక్కకు కాదు” అన్నాడు. పాత పద్ధతే మేలు. ప్లై మీద ఫెవికాల్ పూసి, పలుచటి నూలు గుడ్డ పరిచి, దాని మీద సుద్దపొడి, జిగురు కలిపిన పూత పలచపలచగా వేయాలి. ప్రతి పూత తర్వాత ఎమరీ కాగితంతో రుద్దాలి. గుడ్డ ఉంటే పగుళ్లు రావు. నిజమైన సున్నపు పూత కాదు, కానీ చూపుకు అదే తెలుపు.

ఏప్రిల్ 28

పలక సిద్ధం. గేరు పొడి రాసిన నూలు దారాన్ని ఇద్దరం చెరో వైపు బిగించి గీతలు కొట్టాం. పొడి గీత కాబట్టి అక్షరాలు రాశాక తుడిచేయవచ్చు.

మొదటగా సంత అక్షరాలు. రోమన్ వారానికి ఎనిమిది రోజులు. ఎనిమిది రోజులకోసారి సంత. రోజులకు ‘ఏ’ నుంచి ‘హెచ్’ వరకు అక్షరాలు, మళ్లీ ‘ఏ’. జనవరి 1 ఎప్పుడూ ‘ఏ’తోనే మొదలవుతుంది. 355ను ఎనిమిదితో భాగిస్తే 3 మిగులుతుంది కాబట్టి, సంత ఈ ఏడాది మొదటి అక్షరం మీద పడితే వచ్చే ఏడాది ఆరో అక్షరానికి జారుతుంది. ‘ఏ’లన్నీ ఎరుపులో, మిగతావి నలుపులో వేస్తున్నాను. పలక మీద ఎర్రటి మెట్లు ఐమూలగా దిగుతున్నట్టు కనిపిస్తోంది.

సంత గురించి కూడా భయాలున్నాయి. అది జనవరి 1న పడకూడదు, నోన్స్ రోజున పడకూడదు. నోన్స్ అంటే నెలలో 5వ రోజు, నాలుగు పెద్ద నెలల్లో మాత్రం 7వ రోజు. దీనికి మాక్రోబియస్ అనే రోమన్ రచయిత చెప్పిన కథ బాగుంది. సర్వియస్ తుల్లియస్ అనే రాజు ఏదో ఒక నెల నోన్స్ నాడు పుట్టాడని జనానికి తెలుసు, ఏ నెలో తెలియదు. అందుకని ప్రతి నోన్స్‌నూ ఆయన పుట్టినరోజుగా జరుపుకునేవారు. అదే రోజు సంత కూడా పడి పల్లెల జనమంతా ఊళ్లోకి వస్తే, రాజరికం మీద మమకారంతో ఏ గొడవ లేపుతారోనని పెద్దల బెంగ. మూఢనమ్మకం కింద రాజకీయం దాగి ఉండటం ఇక్కడే కాదు, ముందు ముందు కూడా కనిపిస్తుంది.

జనవరి 1 విషయంలో ఇంకా గట్టిగా వ్యవహరించారు. క్రీ.పూ. 40 మొదటి రోజున సంత పడబోతోందని తెలిసి, అంతకుముందు ఏడాదికి ఒక రోజు కలిపేశారని చరిత్రకారుడు డియో రాశాడు. రోజునే జరిపేశారన్నమాట.

అగస్టస్ చక్రవర్తికి సొంత పట్టింపులు వేరే. సంత మర్నాడు ప్రయాణం కట్టేవాడు కాదు. నోన్స్ రోజున ముఖ్యమైన పని ఏదీ మొదలుపెట్టేవాడు కాదు. చక్రవర్తుల జీవితాలు రాసిన సుయెటోనియస్ ఈ సంగతి చెప్పి ఊరుకుంటాడు, వెక్కిరించడు.

మే 3

ఇక అసలు అక్షరాలు. ‘ఎఫ్’, ‘ఎన్’, ‘సి’.

రాస్తూ ఉంటే విషయం తేటపడుతోంది. ఇవి కోర్టు అక్షరాలు. ‘ఎఫ్’ రోజున ప్రీటర్ అనే న్యాయాధికారి తీర్పు పీఠం మీద కూర్చుని మూడు మాటలు పలకవచ్చు: ఇస్తున్నాను, చెబుతున్నాను, దఖలు పరుస్తున్నాను. ఈ మూడూ పలికితేనే వ్యాజ్యం నడుస్తుంది. ‘ఎన్’ రోజున ఆ మూడూ పలకరాదు. ‘సి’ రోజున కోర్టుతో పాటు పౌరసభలు కూడా జరపవచ్చు. అంతే. ‘ఎన్’ పక్కన పెళ్లి చేయకూడదనో, బయలుదేరకూడదనో ఎవరూ రాయలేదు.

ఈ అక్షరాలు ఒకప్పుడు పూజారుల గుట్టు. ఫలానా రోజు దావా వేయవచ్చా అని వాళ్లనే అడగాలి. క్రీ.పూ. 304లో నేయస్ ఫ్లావియస్ అనే గుమాస్తా, విముక్తి పొందిన బానిస కొడుకు, ఈడైల్ అనే నగరాధికారి పదవిలోకి వచ్చి, ఆ పట్టికను తెల్ల పలక మీద రాయించి ఫోరంలో, అంటే నగరపు నడిబొడ్డు కూడలిలో, అందరికీ కనబడేలా పెట్టించాడని చరిత్రకారుడు లివీ చెబుతాడు. కులీనులకు ఒళ్లు మండిందట. తెల్ల పలక అన్న మాట చదివినప్పుడు నా సుద్దపూత మీద నాకు గౌరవం పెరిగింది.

కొన్ని గళ్లు ఇరుకు. ఏడాదికి ఎనిమిది రోజులకు ‘ఈఎన్’ అని ఉంటుంది. పొద్దున, సాయంత్రం నిషేధం, మధ్యలో సడలింపు. పశువును బలి ఇచ్చిన క్షణానికీ, దాని పేగులను దేవుడికి అర్పించే క్షణానికీ నడుమ కోర్టు నడుపుకోవచ్చు. ‘ఎన్‌పి’ అని ఇంకొకటి ఉంది. పండగ రోజులకు ఎక్కువగా కనిపిస్తుంది, అర్థం మీద పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నేను ఉన్నది ఉన్నట్టు రాసి ముందుకు పోయాను.

జూన్ 15 గడిలో మాత్రం ఐదు అక్షరాలు పట్టించాలి: ‘క్యూఎస్‌టిడిఎఫ్’. ‘చెత్త బయటకు వెళ్లాక అనుమతి’ అని దాని సారం. వెస్టా దేవత గుడి ఊడ్చి ఆ చెత్తను బయటకు మోసుకుపోయాకే ఆ రోజు కోర్టుకు పనికొస్తుంది. ఒక దేశపు న్యాయవ్యవస్థ చీపురు కోసం ఎదురుచూడటం నాకు భలే నచ్చింది.

ఈ చెత్తకు ఒక పెళ్లి కథ ముడిపడి ఉంది. కవి ఓవిడ్ కూతురికి పెళ్లి ముహూర్తం వెతుకుతున్నాడు. జూన్ నెల పెళ్లిళ్లకు మంచిదే, కానీ మొదటి సగం కాదని తెలిసింది. చెప్పిందెవరో కాదు, జూపిటర్ ప్రధాన పూజారి భార్య. వెస్టా గుడి చెత్తను టైబర్ నది సముద్రంలో కలిపేదాకా తాను తల దువ్వుకోకూడదు, ఇనుముతో గోళ్లు తీయకూడదు, భర్తను తాకకూడదు. “నువ్వూ తొందరపడకు, ఆ తర్వాతే నీ కూతురికి మంచిది” అని ఆవిడ సలహా. ఆడపిల్ల తండ్రి ఏ దేశంలోనైనా పంచాంగం తెలిసిన వాళ్ల గుమ్మం ఎక్కవలసిందే. ఇంత పట్టింపు జూన్ 15 ముందు రోజులన్నిటికీ ఉంటే, దానిలో గడిలోకి ఎక్కింది కోర్టుకు సంబంధించిన ముక్క ఒక్కటే.

మే 9

ఈ రాత్రి నుంచి లెమూరియా. మే 9, 11, 13. మూడూ బేసి తేదీలు, మధ్యలో సరి తేదీలను వదిలేశారు. కాబట్టి ‘లెమూర్’ అన్న పెద్దక్షరాలు ఈ రోజే రాశాను.

ఇంటిలోకి వచ్చే ప్రేతాలను పంపించే పండగ ఇది. నడిరేయి ఇంటి యజమాని చెప్పులు లేకుండా లేస్తాడు. బొటనవేలిని వేళ్ల మధ్య దూర్చి ముద్ర పడతాడు, ఎదురుగా నీడ ఏదీ రాకుండా. చేతులు కడుక్కుని, నల్ల చిక్కుడు గింజలు తీసుకుని, వెనక్కి తిరగకుండా విసురుతూ “ఇవి ఇచ్చి నన్నూ నా వాళ్లనూ విడిపించుకుంటున్నాను” అని తొమ్మిదిసార్లు అంటాడు. వెనక వచ్చే నీడ ఆ గింజలు ఏరుకుంటుందని నమ్మకం. మళ్లీ చేతులు కడిగి, కంచు పాత్ర మోగించి, “పితరులారా, బయలుదేరండి” అని తొమ్మిదిసార్లు చెప్పాకే వెనక్కి చూస్తాడు. అన్నీ ఓవిడ్ చెప్పిన వివరాలే.

మే నెలలో పెళ్లి చేసుకున్న ఆడది మంచిది కాదనో, ఎక్కువ కాలం బతకదనో ఒక సామెత ఉండేదని కూడా ఆయనే చెబుతాడు. ప్రేతాల నెలలో పందిరి వేయరు. ఎందుకు వేయరని గ్రీకు రచయిత ప్లూటార్క్ ప్రత్యేకంగా ఒక ప్రశ్న వేసుకుని, రకరకాల కారణాలు చెప్పుకుంటూ పోయాడు. మే నెల వరుసను నేను పైనుంచి కింది దాకా చూశాను. పెళ్లి గురించి అందులో ఒక్క గుర్తు కూడా లేదు.

మే 19

పండగల పేర్లు ఎరుపులో పెద్దవిగా రావాలి. నా చేతి రాత దానికి చాలదు. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిపోయిన ఒక పాత బోర్డు పెయింటరును పిలిచాను. అరవై దాటిన మనిషి. రాగానే పలకను వేలితో తట్టి, సుద్ద రంగును తాగేస్తుందని చెప్పి, నీళ్లలాంటి జిగురు ఒక పూత కొట్టించారు. నలుపుకు దీపపు మసి, ఎరుపుకు ఆక్సైడ్ పొడి, రెండిటికీ జిగురే. చదును బ్రష్షును కొస దగ్గర కాస్త తిప్పితే అక్షరానికి పాదం దానంతటదే వస్తుందని చూపించారు.

లాటిన్ రాకపోయినా ఆయన అడిగిన ప్రశ్నలు సూటిగా ఉన్నాయి. “వారాలు ఎక్కడ బాబూ?”

ఈ పలకలో ఏడు వారాలు లేవు. గ్రహాల పేర్లతో ఏడు రోజుల వారం రోములో తర్వాత స్థిరపడింది. పాంపేయి అనే రోమన్ పట్టణంలో ఒక గోడ మీద ఎవరో ‘దేవుళ్ల రోజులు’ అని గీసి పెట్టారు: శని, సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు. చదివి వినిపిస్తే ఆయన “మనవే కదా” అన్నారు. వరుస నిజంగానే మనదే. గ్రహవారాలు మనకూ వాళ్లకూ ఒకే జ్యోతిష సంప్రదాయపు దారిలో వచ్చాయి.

మార్చి 15 గడిలో ఎరుపుతో ‘ఈడుస్’ (ఐడ్స్, నెల నడిమి రోజు) అని రాశారు. ఇది సీజర్ హత్యకు ముందటి క్యాలెండర్ కాబట్టి ఆ రోజుకు ఇంకా మచ్చ లేదు. పైగా అన్నా పెరెన్నా అనే దేవత పండగ. టైబర్ ఒడ్డున గడ్డి మీద జంటలు జంటలుగా కూర్చుని, కొమ్మలతో గుడారాలు వేసుకుని తాగేవారు. ఎన్ని గిన్నెలు తాగితే అన్ని ఏళ్లు బతుకుతారని లెక్క. క్రీ.పూ. 44లో అదే రోజున సీజర్‌ను చంపాక సెనేట్ (రోము పెద్దల సభ) ఆ తేదీకి ‘పితృహత్య’ అని పేరు పెట్టి, ఇక ఎన్నడూ ఆ రోజు సమావేశం కాకూడదని తీర్మానించింది. భయం అక్కడ ప్రభుత్వ ఉత్తర్వుగా పుట్టింది. సినిమాల పుణ్యమా అని ఇప్పుడు అందరికీ తెలిసిన ‘రోమన్ చెడ్డ రోజు’ ఇదే. ఆనాటి సామాన్యుడికి అది తాగి తూలుతూ ఇంటికి వచ్చే రోజు.

మే 30

ఈ రోజు నుంచి మేకులు.

అక్షరాలన్నీ అయిపోయాయి, అసలు భయపడిన రోజులు మాత్రం పలక మీద ఎక్కడా లేవు. రోమన్లు నల్ల రోజులు అని పిలిచినవి ఇవి: కాలెండ్స్ (నెల మొదటి రోజు), నోన్స్, ఐడ్స్, ఈ మూడింటి మర్నాడు. నెలకు మూడు చొప్పున ఏడాదికి 36. ఆ రోజుల్లో కొత్త పని మొదలుపెట్టరు, బలి ఇవ్వరు, పెళ్లి చేయరు. వీటికి ప్రత్యేకమైన అక్షరం లేదు. పక్కన ఎక్కువగా కనిపిస్తున్నది ‘ఎఫ్’. అంటే కోర్టుకు నిక్షేపంగా పనికొచ్చే రోజులు.

కారణంగా చెప్పే కథ యుద్ధానిది. క్రీ.పూ. 390లో (రోమన్ల సంప్రదాయ లెక్క ఇది) జూలై 18న అల్లియా వాగు దగ్గర గాల్ జాతివాళ్ల చేతిలో రోము సైన్యం చిత్తుగా ఓడింది. ఆ తర్వాత నగరమే తగలబడింది. మర్నాటి ఏడు సెనేట్‌లో ఈ చర్చ వచ్చింది. సుల్పిసియస్ అనే సేనాని యుద్ధానికి ముందు బలి ఇచ్చింది ఐడ్స్ మర్నాడు, 16న, అని ఒక సోదె పూజారి గుర్తు చేశాడు. ఇంకొందరు లేచి, మేమూ ఎన్నోసార్లు చూశాం, ఇలా మర్నాడు బలి ఇచ్చిన ప్రతిసారీ ఓటమే అన్నారు. పూజారుల మండలి ఆ రోజులను బలికి పనికిరానివిగా తేల్చింది. ఐడ్స్ మర్నాటితో మొదలై, మిగతా రెండింటికీ పాకింది. అగస్టస్ కాలపు పండితుడు వెర్రియస్ ఫ్లాకస్ చెప్పిన ఈ కథను తర్వాత ఆలస్ గెల్లియస్ భద్రపరిచాడు.

సోఫాలు కుట్టేవాళ్లు వాడే గుండ్రటి తల మేకులు తెచ్చాను. నేరుగా కొడితే సుద్ద పెచ్చులు లేస్తుంది. సన్నటి డ్రిల్లుతో ముందు బెజ్జం వేసి, ఆపై బొటనవేలితో నొక్కి, చివర్లో చెక్క సుత్తితో ఒక్క దెబ్బ.

జనవరి, ఫిబ్రవరి అయ్యేసరికి ఒక సంగతి కంటికి కొట్టింది. మేకులన్నీ సరి తేదీల మీదే. కాలెండ్స్ 1, నోన్స్ 5 లేదా 7, ఐడ్స్ 13 లేదా 15. అన్నీ బేసి. కాబట్టి మర్నాడు ఎప్పుడూ సరి: 2, 6 లేదా 8, 14 లేదా 16. ఇక పెద్దక్షరాల పండగలేమో దాదాపు అన్నీ బేసి తేదీల్లో ఉన్నాయి. రెండే మినహాయింపులు, ఫిబ్రవరి 24, మార్చి 14. ఆ రెండూ మేకుల రోజులు కావు. 36 మేకులూ కొట్టాక చూస్తే ఒక్కటి కూడా ఎర్ర పేరు పక్కన పడలేదు. అల్లియా కథ నిజమైనా కాకపోయినా, ఈ రోజులను అనుమానంగా చూడటానికి సంఖ్య మీది పాత భయం ముందే చోటు చేసి పెట్టి ఉంటుందని నా ఊహ. పలక మీద చూసినవాళ్లకు అలా తోచక మానదు.

జూన్ 4

గెల్లియస్ ఇంకో వర్గాన్ని కూడా చెబుతాడు. కాలెండ్స్, నోన్స్, ఐడ్స్‌కు ముందు నాలుగో రోజు కూడా మంచిది కాదని చాలామంది తప్పించుకునేవారట. కారణం కాన్నే యుద్ధం. క్రీ.పూ. 216లో కార్తేజ్ సేనాని హన్నిబాల్ రోమన్ సైన్యాన్ని ఊచకోత కోసింది ఆగస్టు నోన్స్‌కు ముందు నాలుగో రోజున.

వీటికి చిన్న తల మేకులు. లెక్క వేసేటప్పుడు రోమన్ పద్ధతి పాటించాలి, రెండు కొసలనూ కలిపి లెక్కించాలి. 5న నోన్స్ అయితే 5, 4, 3, 2. నాలుగో రోజు 2వ తేదీ అయింది. కానీ 2వ తేదీ మీద కాలెండ్స్ మర్నాడని పెద్ద మేకు ముందే ఉంది! నోన్స్ 5న వచ్చే ఎనిమిది నెలల్లోనూ ఇదే పరిస్థితి. అంటే కాన్నే జరిగిన రోజు అప్పటికే నల్ల రోజు. 36 చిన్న మేకులు అనుకున్న చోట 28 సరిపోయాయి.

సెక్స్‌టిలిస్ 27న మాత్రం ఒక చిన్న మేకు వోల్టుర్నాలియా పండగ పక్కన పడింది. పలక మొత్తం మీద మేకూ పెద్దక్షరాల పండగా కలిసింది ఆ ఒక్క గడిలోనే.

జూన్ 10

ఏ నియమానికీ లొంగని రోజులు కొన్ని మిగిలాయి. అల్లియా యుద్ధం జరిగిన జూలై 18 సరి తేదీయే గానీ మర్నాళ్ల లెక్కలో రాదు. కొన్ని క్యాలెండర్లలో ‘అల్లియా రోజు’ అని రాసే ఉంటుంది కాబట్టి దానికి ఇత్తడి మేకు కొట్టాను. క్రీ.శ. 69లో విటెల్లియస్ చక్రవర్తి ప్రధాన పూజారి పదవి చేపట్టి, ఇదే తేదీన పూజాదికాల మీద ఒక ఉత్తర్వు ఇచ్చాడు. జనం దాన్ని అపశకునంగా తీసుకున్నారని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ ఏడాది ముగిసేలోపే విటెల్లియస్‌ను చంపేశారు. ఇలాంటి కథలే భయాలకు ఎరువు.

అక్టోబరు 6 దగ్గర ఆగాను. క్రీ.పూ. 105లో అదే తేదీన అరౌసియో దగ్గర రోమన్ సేనాని కేపియో సైన్యం సింబ్రి జాతి చేతిలో నాశనమైంది. క్రీ.పూ. 69లో అర్మీనియా రాజు టైగ్రనీస్‌తో యుద్ధానికి రోమన్ సేనాని లుకుల్లస్ సిద్ధమవుతుంటే, ఇది నల్ల రోజు, వద్దు అని అనుచరులు చెప్పారు. ‘దీన్ని కూడా రోమన్లకు మంచి రోజు చేస్తాను’ అన్నాడట. గెలిచాడు కూడా. ఆ గడిని ఖాళీగా వదిలేశాను. లుకుల్లస్ పీకేసిన మేకును నేను మళ్లీ కొట్టను.

నన్ను ఎక్కువ ఆపినవి ఆగస్టు 24, అక్టోబరు 5, నవంబరు 8. ఆ మూడు రోజుల్లో ‘ముండుస్’ అనే గుంట మూత తీస్తారు. పాతాళపు తలుపు తెరిచినట్టేనని నమ్మకం. యుద్ధం చేయరు, సైన్యాన్ని కూర్చరు, ఓడ కదిలించరు, పెళ్లి చేయరు. ఇంత జరిగే రోజులకు క్యాలెండర్ వేసిన అక్షరం ఏది? మూడింటికీ ‘సి’. సభలు పెట్టుకోండి, ఓట్లు వేసుకోండి అని. చచ్చినవాళ్లు పైకి వచ్చే రోజుకూ ఎన్నికల రోజుకూ ఒకే అక్షరం.

ఏప్రిల్‌లో వేసుకున్న ప్రశ్నకు నాకు ఇదే జవాబు. అక్షరాలు ప్రీటర్ కోసం. భయం మాత్రం అమ్మమ్మల నోళ్లలో, సైనికుల జ్ఞాపకాల్లో, పూజారి భార్యల సలహాల్లో నడిచింది. ఈ రెండింటినీ కలగలపడం మన కాలంలో మొదలు కాలేదు. చెడు శకునమున్న రోజులను తెలియని జనం ‘నెఫాస్టస్’ అంటున్నారని రెండో శతాబ్దంలోనే గెల్లియస్ విసుక్కున్నాడు.

క్యాలెండర్ గడిలోనే ‘చెడ్డ రోజు’ అని రాసిన సందర్భం ఒకటి ఉంది. వెరోలీ ఊళ్లో దొరికిన తర్వాతి కాలపు క్యాలెండర్‌లో జనవరి 14 పక్కన, సెనేట్ తీర్మానం ప్రకారం దోషమున్న రోజు, ఆంటొనీ పుట్టినరోజు, అని ఉంటుంది. అగస్టస్ చేతిలో ఓడిన మార్క్ ఆంటొనీయే. ఐడ్స్ మర్నాడు కాబట్టి ఆ గడిలో మేకు ఎలాగూ ఉంది. పాత భయం మీద రాజకీయం ముద్ర వేసింది. తర్వాత చక్రవర్తి అయిన క్లాడియస్ ఆంటొనీకి మనవడు. తన తండ్రి పుట్టినరోజు కూడా అదేనని, అందుకే మరింత ఘనంగా జరపాలని ఉత్తర్వు ఇచ్చాడు.

జూన్ 17

పెయింటర్ గారు చివరి మెరుగులకు వచ్చారు. మేకులు లెక్కపెట్టి, “ఇన్ని చెడ్డ రోజులకు గుర్తులున్నాయి, మంచి రోజుకు ఏమీ లేదా?” అన్నారు. క్యాలెండర్‌లో లేదు. గ్రీసుకు ఉత్తరాన ఉన్న థ్రేస్ జనం రోజు గడిచాక అది మంచిదైతే తెల్ల గులకరాయి, కాకపోతే నల్లది కుండలో వేసేవారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. రోమన్ కవులు సంతోషపు రోజును తెల్లరాయితో గుర్తుపెట్టుకోవడం గురించి పాడుకున్నారు. ముందే రాసి పెట్టడానికి లేదు, గడిచాకే తెలుస్తుంది. పలక కింద ఒక గాజు సీసా పెడదామని ఆయనే అన్నారు. బాగానే ఉంది గానీ, ఇంట్లో పిల్లలున్నారు, గులకరాళ్లు నోట్లో పెట్టుకుంటారు. వద్దనుకున్నాం.

జూన్ 25

ఈ రోజు ఏదో చూపించే చీల కావాలి. రోమన్లకు ఇదీ ఉంది. రోములో ట్రాజన్ చక్రవర్తి స్నానశాలల ప్రాంతంలో దొరికిన ఒక గోడ గీతలో పైన ఏడుగురు వారదేవతలు, మధ్యలో రాశిచక్రం, పక్కల 1 నుంచి 30 వరకు అంకెలు, ప్రతిదానికీ ఒక బెజ్జం. రోజూ చీల మార్చుకుంటూ పోవడమే. నేనూ ప్రతి గడి అంచున బెజ్జం వేసి, టేకు చీల ఒకటి చెక్కించాను.

కానీ ఇంకో ఐదు రోజుల్లో చిక్కు రాబోతోంది. ఈ పలకలో జూన్ 30 లేదు. నెల 29తో అయిపోతుంది. మన తేదీతో చీల నడిపితే ఆ రోజు గాలిలో పట్టుకుని నిలబడాలి. పలక లెక్కనే నడిపితే, ఏడాది తిరిగేసరికి మనకంటే 10 రోజులు ముందుకు పోతుంది. రెండోదే సరి అనిపించింది. రోము కూడా అలాగే జరిగి, జరిగినప్పుడల్లా ఫిబ్రవరి 23 లేదా 24 దగ్గర కోసి, 27 రోజుల అధిక మాసం కలుపుకునేది. ఎప్పుడు కలపాలో పూజారుల ఇష్టం. మిత్రుల పదవులను పొడిగించడానికీ, శత్రువులవి కత్తిరించడానికీ వాళ్లకు అది మంచి సాధనం. రోమన్ రాజకీయవేత్త సిసిరో దూరాన ఉన్న సిలీషియాలో గవర్నరుగా ఇష్టం లేకుండా కాలం గడుపుతూ, ఈ ఏడాది అధిక మాసం రాకుండా చూడమని మిత్రుడు అట్టికస్‌ను ఉత్తరాల్లో బతిమాలాడు. చివరికి సీజర్ క్రీ.పూ. 46వ సంవత్సరాన్ని 445 రోజులకు సాగదీసి ఈ గొడవ తీర్చాడు.

13వ నిలువు వరుసలో 27 గళ్లూ రాసి ఉంచాం. మేకులు ఇంకా కొట్టలేదు. అధిక మాసానికీ కాలెండ్స్, నోన్స్, ఐడ్స్ ఉంటాయి కాబట్టి ఇంకో మూడు పెద్ద మేకులు కావాలి, సోఫా దుకాణంలో అడగాలి. వచ్చే ఫిబ్రవరిలో ఆ వరుస వాడాలా వద్దా అన్నది ఇంట్లో ఇప్పుడే చర్చకు వచ్చింది. ఆ నెలలో ఇంటి అద్దె కట్టాలి కాబట్టి వద్దని ఒకరు, జీతం రెండుసార్లు వస్తుందేమో కాబట్టి కావాలని ఇంకొకరు.